ఇల్లు అందరిదీ, పట్టా ఒకరిది

2024 మే 17, శుక్రవారం. రాత్రి పదకొండు దాటాక, కిర్గిజ్‌స్తాన్ రాజధాని బిష్కెక్‌లో చదువుకుంటున్న మా అమ్మాయి ఫోన్ చేసింది. అక్కడికీ మనకీ గడియారంలో అరగంటే తేడా, అది ఫోన్ చేసే వేళ కాదు. గొంతు బాగా తగ్గించి, "నాన్నా, టెన్షన్ పడకు. లైట్లన్నీ ఆర్పేసి కూర్చున్నాం" అంది. ఆ మాట విన్నాక టెన్షన్ పడని తండ్రి ఎవడు? వెనక ఎవరో పిల్ల ఉర్దూలో ఏడుస్తోంది. ఎవరమ్మా అంటే, "కింద ఫ్లోర్ వాళ్ళు. లాహోర్ పిల్లలు. కింద అద్దాలు పగలగొట్టారు, అందుకని మా గదికి తెచ్చేసుకున్నాం" అంది. నలుగురుండే గదిలో పదకొండు మంది. తలుపుకి బీరువా అడ్డం, బీరువాకి మంచం అడ్డం, మంచం మీద మేం ఇక్కణ్నుంచి మోసుకెళ్ళిచ్చిన రైస్ కుక్కర్. కుక్కర్ దేనికే అంటే "బరువుంటుందని" అంది. తెల్లారాక ఆ మాటకి తనే నవ్వింది.

నాలుగు రోజుల ముందు, 13న, ఒక హాస్టల్ దగ్గర స్థానిక కుర్రాళ్ళకీ విదేశీ విద్యార్థులకీ కొట్లాట జరిగింది. ఆ విద్యార్థులు ఈజిప్టు వాళ్ళన్నారు. 17న దాని వీడియో ఫోన్లలో తిరిగింది. రాత్రికల్లా వందల మంది రోడ్ల మీదికొచ్చి, విదేశీ పిల్లలుండే హాస్టళ్ళ మీద పడ్డారు. దొరికినవాడు ఈజిప్టువాడా, పాకిస్తానీయా, మనవాడా అని ఎవరూ అడగలేదు. పదుల మందికి దెబ్బలు తగిలాయి. కొందరు చచ్చిపోయారని కూడా ఆ రాత్రే వాట్సాప్‌లో వచ్చింది, అది అబద్ధమని తరువాత తేలింది. అప్పటికి ఆ దేశంలో చదువుతున్న భారతీయ విద్యార్థులు దాదాపు 15 వేలు. అందులో తెలుగు పిల్లలు ఎంతమందని నన్నడిగితే, మా మండలం నుంచే ముగ్గురున్నారు.

ఆ రాత్రంతా మా పేరెంట్స్ గ్రూపు నిద్రపోలేదు. "పీస్‌ఫుల్ దేశం అంకుల్, అక్కడ పిట్ట కూడా గట్టిగా అరవదు" అని చెప్పి డబ్బులు కట్టించుకున్న కన్సల్టెన్సీ కుర్రాడి ఫోన్ స్విచ్చాఫ్. ఇక మిగిలింది విశ్లేషణలు. ఒకాయన ముస్లిం దేశం కదండీ అన్నాడు. మరి తన్నులు తిన్న ఈజిప్టువాళ్ళూ పాకిస్తానీలూ ఎవరట? ఇంకొకాయన కొండజాతులండీ, వాళ్ళ రక్తమే అంత అన్నాడు. తెల్లారి మా నాన్నగారి పాత స్నేహితుడు, ఎనభై దాటిన కామ్రేడ్ బాబాయ్, ఫోన్ చేసి ఓదారుస్తూనే ఒక మాట అంటించాడు. "కిర్గిజ్‌స్తాన్ సోవియట్ యూనియన్‌లో ఉండగా ఇలాంటివి లేవురా. గోర్బచేవ్ అమ్మేశాడు. ఎప్పుడైతే ఆ ఇల్లు కూలిందో అప్పుడే అన్నదమ్ములు కొట్టుకోవడం మొదలు."

మూక మీద ఎంత కోపం వచ్చిందో ఈ విశ్లేషణల మీదా అంతే వచ్చింది. రక్తంలో ఉందనేదీ, యూనియన్ ఉండగా అంతా సవ్యంగా ఉందనేదీ, రెండూ పుస్తకం తెరవకుండా చెప్పే మాటలే. అప్పట్నుంచి నాకు ఇదే పని అయింది. చదివాను, అక్టోబరులో వెళ్ళి చూశాను. చూసొచ్చాక నాకు తోచింది ఇది. సోవియట్ యూనియన్ కూలడం వల్ల అక్కడి కిర్గిజ్, ఉజ్బెక్ లాంటి జాతుల మధ్య పగలు పుట్టలేదు, అంతకుముందు తొక్కిపెట్టిన పగలు లేచిరానూ లేదు. ఆ ఇంట్లో ప్రతి గదికీ ఒక జాతి పేరు మీద పట్టా రాసిపెట్టింది యూనియనే. పైకప్పు ఉన్నంత కాలం పట్టాతో పెద్దగా పని పడలేదు. కప్పు పోగానే, పట్టా ఉన్నవాడు ఓనరు అయ్యాడు, తరతరాలుగా అదే గదిలో ఉన్న మిగతావాళ్ళు అద్దెకున్నవాళ్ళు అయ్యారు.

బాబాయ్ మాటని నేను తేలిగ్గా తీసెయ్యలేను, ఎందుకంటే ఆ అన్నదమ్ముల బొమ్మ నా చిన్నప్పుడు నా చేతుల్లోనే ఉండేది. మా ఇంటికి 'సోవియట్ భూమి' పత్రిక వచ్చేది. దాని కాగితం నున్నగా, దళసరిగా ఉండేది. జూన్‌లో బళ్ళు తెరవగానే మా నాన్న ఆ పేజీలు చింపి మా పుస్తకాలకి అట్టలు వేసేవాడు. మా ఊళ్ళో సగం మంది పిల్లల లెక్కల పుస్తకాల మీద ట్రాక్టర్లో, రాకెట్లో, తెల్ల ఏప్రన్ కట్టిన ఆడపిల్లలో ఉండేవాళ్ళు. నా సోషల్ పుస్తకానికి పడ్డ పేజీ మీద పదిహేను రిపబ్లిక్కుల పిల్లలు ఎవరి కుచ్చుటోపీ వాళ్ళు పెట్టుకుని చేతులు పట్టుకు నిలబడి ఉన్నారు. ఏడాది పొడుగునా చూశాను ఆ బొమ్మని. ఒక్కొక్కరికీ ఒక్కో టోపీ ఎందుకుందని మాత్రం ఎప్పుడూ అనుకోలేదు.

ఇప్పుడు నాకు ఆ బొమ్మలో కనిపించేది ఆ టోపీయే. 1924లో మధ్య ఆసియాని జాతుల వారీగా గీతలు గీసి పంచడం మొదలుపెట్టారు. అంతకుముందు ఫెర్గానా లోయలో ఒకణ్ణి పట్టుకుని నువ్వెవరని అడిగితే, ఫలానా ఊరివాణ్ణనో, ఫలానా తెగవాణ్ణనో, ముసల్మాన్నో చెప్పేవాడు. ఊళ్ళలో స్థిరపడి వ్యాపారం, వ్యవసాయం చేసుకునేవాళ్ళని 'సార్త్' అనేవారు. 1920ల్లో జనాభా లెక్కల నుంచి ఆ పేరే ఎత్తేశారు. వాళ్ళలో చాలామంది ఒక్కసారిగా ఉజ్బెక్‌లయ్యారు. ఇదంతా స్టాలిన్ మ్యాపు ముందేసుకుని కావాలని పెట్టిన చిచ్చు అని ఒక కథ బాగా తిరుగుతుంది. నేను కూడా నమ్మేవాణ్ణి. కానీ స్థానిక నాయకులే ఆ ఊరు మాకంటే మాకని అర్జీలు పెట్టుకున్నారు, కమిషన్ల ముందు వాదించుకున్నారు. ఓష్ పట్టణంలో ఎక్కువమంది ఉజ్బెక్‌లే అయినా అది కిర్గిజ్ వైపు వెళ్ళింది. చుట్టూ కొండల్లో గొర్రెలు మేపుకునే కిర్గిజ్‌లకి సంత చేసుకోవడానికీ, ఆఫీసులు పెట్టుకోవడానికీ ఒక పట్టణం కావాలి కదా అన్నారు. ఆనాటి లెక్కలో అది న్యాయంగానే కనిపించి ఉండాలి. అది రాష్ట్రాల మధ్య గీత లాంటిది, ఎప్పటికైనా దేశాల మధ్య గీత అవుతుందని ఎవరనుకున్నారు?

ఇక్కడ మనకి ఒక చుట్టరికం ఉంది. 1940ల్లో మనవైపు కమ్యూనిస్టులు విశాలాంధ్ర కావాలని అడిగినప్పుడు చూపించిన నమూనా ఆ సోవియట్ రిపబ్లిక్కులే. ఒక భాష మాట్లాడేవాళ్ళకి ఒక ఇల్లు. 1956లో మనకి ఆ ఇల్లు వచ్చింది, 2014లో రెండు వాటాలైంది. ఈ మధ్యలో ముల్కీ నిబంధనలనీ, లోకల్ నాన్‌లోకల్ అనీ, సెటిలర్లనీ మనం పడ్డ గొడవలు తక్కువేం కాదు, 1969లో ప్రాణాలు కూడా పోయాయి. కాబట్టి వాళ్ళని చూసి మనం మురిసిపోవాల్సిందేమీ లేదు. తేడా ఉన్నదల్లా కాగితంలో. సోవియట్ రాజ్యాంగం రిపబ్లిక్కులకి విడిపోయే హక్కు రాసిచ్చింది, ఎవరూ వాడరన్న ధీమాతో. మన రాజ్యాంగం మూడో అధికరణం కింద రాష్ట్రాల గీతలు చెరిపి మళ్ళీ గీసే అధికారం పార్లమెంటుకి ఇచ్చింది. ఏ రాష్ట్రమూ ఏ భాషవాడికీ పట్టా కాదన్నమాట.

1932 నుంచి సోవియట్ లోపలి పాస్‌పోర్టులో, అంటే దేశం లోపల వాడే గుర్తింపు కార్డులో, జాతి అని ఒక గడి ఉండేది. జనం దాన్ని ఐదో గడి అనేవారు. అమ్మ ఒక జాతి, నాన్న ఒక జాతి అయితే పదహారేళ్ళప్పుడు ఏదో ఒకటి ఎంచుకోవాలి. రెండూ రాస్తానంటే కుదరదు, సోవియట్ అని రాస్తానన్నా కుదరదు. ఈ గడి ఎంత లోతుగా దిగిందో నాకు ఓష్ విమానాశ్రయం బయట టాక్సీలో తెలిసింది. డ్రైవరు అద్దంలోంచి నన్ను చూసి ఏదో అడిగాడు. మా అమ్మాయికి వచ్చిన రష్యన్ అంతా వార్డులో పేషెంట్లని అడగడానికి నేర్చుకున్నది. ఎక్కడ నొప్పి, ఎప్పటినుంచి, ఆకలి వేస్తోందా. దాంతోనే లాక్కొస్తుంది. "నీ నత్సియనాల్నస్త్ ఏంటని అడుగుతున్నాడు నాన్నా" అంది. ఇండియన్ అన్నాను. కాదు కాదు, అది పౌరసత్వం, నత్సియనాల్నస్త్ చెప్పమన్నాడు. నాకు అర్థం కాలేదు. తనే విడమరిచి చెప్పాడు. "నన్ను చూడు. పౌరసత్వం కిర్గిజ్‌స్తాన్. జాతి ఉజ్బెక్." అప్పుడు తెలుగు అన్నాను. తృప్తిగా తలూపాడు. ఆ పేరు అతను ఎప్పుడూ విని ఉండడు, కానీ గడి నిండింది.

ఆ రెండు మాటలకీ మధ్య ఉన్న సందులోనే అంతా ఉంది. కిర్గిజ్ వేరు, కిర్గిజ్‌స్తానీ వేరు. దేశం పేరు మొదటివాడిది.

యూనియన్ ఉండగా ఇలాంటివి లేవన్న బాబాయ్ మాటకి జవాబు ఓష్‌లోనే ఉంది. 1990 జూన్. గోర్బచేవ్ ఇంకా క్రెమ్లిన్‌లోనే ఉన్నాడు, ఎర్రజెండా ఇంకా ఎగురుతూనే ఉంది. గొడవ దేని మీద? ఇళ్ళ స్థలాల మీద. కొండ ఊళ్ళ నుంచి పనుల కోసం ఓష్‌కి దిగిన కిర్గిజ్ కుర్రాళ్ళకి ఉండటానికి ఇల్లు లేదు, అద్దెలు భరించలేరు. పట్టణం అంచున లెనిన్ పేరున్న సామూహిక వ్యవసాయ క్షేత్రం భూమిలో మాకు ప్లాట్లు ఇవ్వండని అడిగారు. అధికారులు సరేనన్నారు. ఆ భూమి మీద బతుకుతున్నవాళ్ళు ఎక్కువగా ఉజ్బెక్‌లు. అటు 'ఓష్ నేల' అనే అర్థం వచ్చే పేరుతో కిర్గిజ్‌ల సంఘం, ఇటు 'న్యాయం' అనే పేరుతో ఉజ్బెక్‌ల సంఘం. జూన్ 4న రెండు గుంపులూ ఆ పొలంలో ఎదురుబొదురయ్యాయి. అక్కణ్నుంచి ఉజ్గెన్ పట్టణం దాకా పాకింది. సైన్యం వచ్చి ఆపేలోగా అధికారిక లెక్క ప్రకారమే మూడు వందల మందికి పైగా పోయారు. అంతకు ఏడాది ముందు, 1989లో, పక్కనే ఉజ్బెక్ వైపు ఫెర్గానాలో మెస్ఖెతియన్ టర్కులని తరిమి తరిమి కొట్టారు. వాళ్ళు అక్కడికి ఎలా వచ్చారు? 1944లో స్టాలిన్ జార్జియా నుంచి రైలు పెట్టెల్లో కుక్కి తెచ్చి దింపితే వచ్చారు. వీటిలో ఏ ఒక్కటీ యూనియన్ కూలాక జరిగింది కాదు బాబాయ్.

రక్తంలో ఉందనేవాళ్ళకి కూడా ఓషే జవాబు. కిర్గిజ్, ఉజ్బెక్ రెండూ టర్కిక్ భాషలే, బజార్లో ఒకరి మాట ఒకరికి తెలిసిపోతుంది. మతం ఒకటే, ఊరి మధ్య సులైమాన్ కొండకి మొక్కుకునేదీ ఇద్దరూ. (ఆ కొండ మీద బాబర్ కట్టుకున్న చిన్న గది ఒకటుంది. మన సోషల్ పుస్తకంలో బాబరే. పక్కనున్న అందిజాన్‌లో పుట్టాడు, ఇప్పుడది ఇంకో దేశం.) ఒకరు కొండమీద గొర్రెలు మేపుతూ, ఇంకొకరు కింద గోధుమ పండిస్తూ, వందల ఏళ్ళుగా సంతలో ఇచ్చిపుచ్చుకున్నవాళ్ళు. కొట్టుకునే కారణం రక్తంలో ఉంటే ఇన్ని వందల ఏళ్ళూ ఏం చేశారు?

ఇంకో సంగతి మనవాళ్ళకి పెద్దగా తెలియదు. మధ్య ఆసియా జనం స్వాతంత్ర్యం కోసం పోరాడలేదు. 1991 మార్చిలో యూనియన్ ఉండాలా వద్దా అని ఓటు పెడితే కిర్గిజ్ రిపబ్లిక్‌లో 90 శాతానికి పైగా ఉండాలనే వేశారు. డిసెంబరులో రష్యా, ఉక్రెయిన్, బెలారస్ నాయకులు ముగ్గురు ఒక అడవి బంగళాలో కూర్చుని సంతకాలు పెట్టి యూనియన్‌ని ముగించేశారు. మిగతావాళ్ళకి వార్త అందింది. నిద్రలేచేసరికి దేశం. ఫ్యాక్టరీలకి ఆర్డర్లు లేవు, సామూహిక క్షేత్రాల భూములు పంపకానికొచ్చాయి. పంచేది ఎవరు? ఆఫీసులో ఉన్నవాడు. ఆఫీసులో ఉన్నది ఎవరు? రిపబ్లిక్కు ఎవరి పేరు మీద ఉందో వాళ్ళు.

కిర్గిజ్‌ల వైపు నుంచి కూడా చెప్పాలి, లేకపోతే అన్యాయం. సోవియట్ చివరి రోజుల్లో వాళ్ళ రాజధానిలోనే వాళ్ళు నాలుగో వంతు కూడా లేరు. నగరం రష్యన్లది. కిర్గిజ్ మీడియం బళ్ళు వేళ్ళ మీద లెక్కపెట్టేటన్ని. బస్సులో సొంత భాష మాట్లాడితే చిన్నచూపు. ఇక పక్కనున్న ఉజ్బెకిస్తాన్ జనాభా వీళ్ళకి ఐదు రెట్లు. ఓష్‌లో ఉజ్బెక్ భాషకి హోదా ఇస్తే రేపు ఓష్‌నే అడుగుతారన్నది వాళ్ళ భయం. ఆ భయం ఒట్టిదని నేననను. కానీ లెక్క చూడండి. 1989లో రష్యన్లు 21 శాతం పైన, ఇప్పుడు నాలుగు శాతం. ఉజ్బెక్‌లు 14 శాతం. రష్యన్‌కి అధికార భాష హోదా ఉంది. ఉజ్బెక్‌కి లేదు. తొలి అధ్యక్షుడు అస్కర్ అకాయెవ్ 1990ల్లో "కిర్గిజ్‌స్తాన్ మనందరి ఇల్లు" అని నినాదం ఇచ్చాడు. మంచి నినాదం. మనసులో కూడా మంచే ఉండి ఉంటుంది. కానీ అందరి ఇల్లు అని గోడ మీద రాయడం వేరు, పట్టాలో అందరి పేర్లూ ఎక్కించడం వేరు. అన్నదమ్ముల వాటాలు చూసినవాళ్ళకి ఇది నేను చెప్పక్కర్లేదు.

1990కి ఇరవై ఏళ్ళ తరువాత అదే ఓష్‌లో, అదే జూన్‌లో మళ్ళీ అంటుకుంది. 2010 ఏప్రిల్‌లో అధ్యక్షుడు కుర్మాన్‌బెక్ బకియెవ్ పారిపోయాడు. అతని బలమంతా దక్షిణాన, ఓష్ వైపు. కొత్త తాత్కాలిక ప్రభుత్వానికి అక్కడ పట్టు లేదు. అంతవరకు రాజకీయం జోలికి పెద్దగా రాని ఉజ్బెక్ పెద్దలు కొందరు కొత్త ప్రభుత్వం పక్కన నిలబడి, మా వాటా మాటేమిటని అడగడం మొదలుపెట్టారు. జూన్ 10 రాత్రి ఒక జూదం హాలు దగ్గర కుర్రాళ్ళ మధ్య కొట్లాట. ఒక గంటలో ఇంకో వార్త. ఉజ్బెక్‌లు హాస్టల్లోకి దూరి కిర్గిజ్ ఆడపిల్లలని చెరిచారట. అది పచ్చి అబద్ధమని తరువాత విచారణలో తేలింది. కానీ ఫోన్లు ఆగలేదు, ఊళ్ళ నుంచి ట్రక్కులు కదిలాయి. నాలుగు రోజుల్లో దాదాపు 470 మంది చనిపోయారు, వాళ్ళలో నాలుగింట మూడొంతులు ఉజ్బెక్‌లు. నాలుగు లక్షల మంది ఇళ్ళొదిలారు, అందులో లక్ష మందికి పైగా సరిహద్దు దాటి ఉజ్బెకిస్తాన్‌లోకి పోయారు. వీధుల్లో తారు రోడ్డు మీద పెద్ద పెద్ద తెల్లక్షరాలతో ఎస్ఓఎస్ (కాపాడండి) అని రాసుకున్నారు. అవి ఉపగ్రహం ఫోటోల్లో కనిపించాయి. తాత్కాలిక అధ్యక్షురాలు రోజా ఒతున్‌బాయెవా సైన్యం పంపమని మాస్కోని అడిగింది. 1990లో అడక్కుండానే వచ్చిన సైన్యం ఈసారి అడిగినా రాలేదు. అది మీ లోపలి వ్యవహారం అన్నారు. కప్పు లేకపోవడం అంటే ఇది.

2024 మే రాత్రి వీడియోకీ, 2010 జూన్ రాత్రి వదంతికీ వరస ఒకటే అని నాకు అనిపిస్తుంది. మా అమ్మాయి వాళ్ళు అక్కడ పట్టా జోలికి వెళ్ళేవాళ్ళు కాదు, ఆరేళ్ళు చదువుకుని వచ్చేసేవాళ్ళు. అయినా "మన ఇంట్లో వేరేవాళ్ళు పెరిగిపోతున్నారు" అనే మాట ఒకసారి అలవాటైతే, వేరేవాళ్ళు ఎవరన్నది ఎప్పటికప్పుడు మారుతుంది. 2020 ఫిబ్రవరిలో బిష్కెక్‌కి కూతవేటు దూరంలో, సరిహద్దుకి అవతల కజకిస్తాన్ ఊళ్ళలో, దుంగన్‌ల మీద పడ్డారు. చైనా నుంచి నూటయాభై ఏళ్ళ కింద వలస వచ్చిన ముస్లింలు వాళ్ళు. పదకొండు మంది పోయారు, వేల మంది ఇటు పరిగెత్తుకొచ్చారు. 2023 సెప్టెంబరులో అజర్‌బైజాన్ లోపలి కరబాఖ్ నుంచి లక్ష మంది ఆర్మేనియన్లు వారం పది రోజుల్లో ఊళ్ళన్నీ ఖాళీ చేసి పోయారు. బాల్టిక్ దేశాలైన ఎస్తోనియా, లాత్వియాల్లో కథ తిరగబడింది. అక్కడ రష్యన్లే ఉన్నచోట ఉండగానే పౌరులు కానివాళ్ళయ్యారు. పేర్లు మారతాయి, పట్టా గొడవే.

దేశాల మధ్య గీతల సంగతికొస్తే అది ఇంకా వింత. సోఖ్ అని ఒక చోటుంది. చుట్టూ కిర్గిజ్‌స్తాన్, మధ్యలో ఆ ముక్క ఉజ్బెకిస్తాన్‌ది, అక్కడున్న జనం దాదాపు అందరూ తజిక్‌లు. ఇలాంటి చోట కాలవ నీళ్ళ దగ్గర మాటామాటా అనుకోవడం మనం ఎరగనిదేం కాదు. 2021 ఏప్రిల్‌లో కిర్గిజ్, తజిక్ సరిహద్దులో ఒక నీటి మళ్ళింపు కేంద్రం దగ్గర, స్తంభానికి కెమెరా బిగించారని గొడవ మొదలైంది. రాళ్ళతో మొదలై సైన్యాల దాకా వెళ్ళింది, యాభై మందికి పైగా పోయారు. మరుసటి ఏడాది సెప్టెంబరులో వంద దాటారు, ఒక్క కిర్గిజ్ వైపే లక్షా ముప్ఫై వేల మందికి పైగా ఊళ్ళు ఖాళీ చేశారు. 2023 నవంబరు ఆఖర్లో మన నాగార్జునసాగర్ డ్యామ్ మీద జరిగింది గుర్తుందా? ఇరవై ఆరు గేట్లలో పదమూడు మావంటూ ఆంధ్ర పోలీసులు రాత్రికి రాత్రి వచ్చి మధ్యలో ముళ్ళకంచె వేశారు, అటు తెలంగాణ పోలీసులు. రెండు రోజులు టీవీల్లో అదే. తరువాత సీఆర్పీఎఫ్ వచ్చి నిలబడింది, కథ కోర్టులకీ బోర్డులకీ పోయింది. ఆ మధ్యలో నిలబడేవాడు లేకపోతే అదే కంచె దగ్గర ఏం జరిగి ఉండేదో ఆలోచించాలంటే నాకు భయం.

చివరికి ఆ గీత తేలింది. 2025 మార్చి 13న కిర్గిజ్, తజిక్ అధ్యక్షులు బిష్కెక్‌లో దాదాపు వెయ్యి కిలోమీటర్ల సరిహద్దు మీద సంతకాలు చేశారు. అదే నెలాఖరున తజికిస్తాన్‌లోని ఖుజంద్‌లో ఉజ్బెక్ అధ్యక్షుడు కూడా కలిసి ముగ్గురూ చేతులు కలిపారు. భూములు మార్చుకున్నారు, దారులు ఇచ్చిపుచ్చుకున్నారు. నాకు సంతోషమే. కానీ ఈ ఒప్పందాలు తలుపులేసుకుని చేసుకున్నవి. అంతకుముందు ఉజ్బెకిస్తాన్‌తో ఒక రిజర్వాయరు విషయంలో ఒప్పందం కుదిరేటప్పుడు, ప్రశ్నించిన ఇరవై మందికి పైగా జనాన్ని 2022 అక్టోబరులో పట్టుకెళ్ళి లోపల వేశారు. దేశాల మధ్య గీత పెన్నుతో తేలుతుంది. ఊళ్ళో, వీధిలో, ఇద్దరు పక్కింటివాళ్ళ మధ్య ఉన్న గీత అలా తేలదు. ఓష్‌లో ఇప్పుడు గొడవల్లేవు, నిజమే. ఎందుకు లేవు? 2010 తరువాత ఉజ్బెక్ టీవీ చానెళ్ళు మూతపడ్డాయి. యూనివర్సిటీ ప్రవేశ పరీక్ష ఉజ్బెక్‌లో రాసే వీలు తీసేశారు. చచ్చినవాళ్ళలో ఎక్కువమంది ఉజ్బెక్‌లైతే, శిక్ష పడ్డవాళ్ళలో కూడా ఉజ్బెక్‌లే ఎక్కువ. జరిగింది రాసిపెట్టుకున్న హక్కుల కార్యకర్త అజీమ్‌జాన్ అస్కరోవ్‌కి యావజ్జీవం వేశారు. వదిలిపెట్టమని ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల కమిటీ 2016లో చెప్పినా వదల్లేదు. 2020 జూలైలో జైల్లోనే పోయాడు. విచారణ జరిపిన అంతర్జాతీయ కమిషన్ అధిపతి, ఫిన్లాండ్ వాడు, మా దేశంలో అడుగు పెట్టకూడదని పార్లమెంటు తీర్మానం చేసింది. టెన్షన్ తగ్గింది అంటే ఒకవైపువాళ్ళు మాట్లాడటం మానేశారని.

మేం ఓష్‌లో దిగింది ఒక ఉజ్బెక్ పెద్దావిడ ఇంట్లో. బయట నుంచి చూస్తే ఎత్తు గోడ, ఇనప గేటు. లోపల మండువా ఇంటి లాగా మధ్యలో వాకిలి, పైన ద్రాక్ష పందిరి, మూల దానిమ్మ చెట్టు. పొద్దున నది ఒడ్డున బజారుకి పోయాం. క్యారెట్‌ని దారాల్లా తరిగి వెల్లుల్లి, మిరపకారం, వెనిగర్ కలిపిన పచ్చడి గుట్టలు గుట్టలుగా అమ్ముతున్నారు. కొరియా పచ్చడి అన్నారు. కొరియాలో ఇది ఉండదట. 1937లో స్టాలిన్ తూర్పు సరిహద్దు నుంచి లక్షా డెబ్భై వేల మంది కొరియన్లని మధ్య ఆసియాకి తరలించాడు. వాళ్ళ పచ్చడికి కావలసిన క్యాబేజీ ఇక్కడ దొరక్క క్యారెట్‌తో పెట్టుకున్నారు. పావుకిలో కొన్నాను. మా ఆవిడ చేసే క్యారెట్ తురుము పచ్చడి కన్నా బావుంది, ఇది ఇంటికొచ్చాక చెప్పలేదు.

తందూరు నుంచి అప్పుడే తీసిన రొట్టెలు కూడా తెచ్చాం. గుండ్రంగా, మధ్యలో పూల అచ్చుతో. మా అమ్మాయి తెలియక ఒకటి బోర్లా పెట్టింది. పెద్దావిడ మాట్లాడుతూనే చెయ్యి చాచి దాన్ని వెల్లకిలా తిప్పింది. రొట్టెని బోర్లా పెట్టకూడదట. టీ పోస్తుంటే నా కళ్ళు ఎదురుగోడ మీద పడ్డాయి. నడుం ఎత్తు దాకా పాత మట్టి ఇటుక, కాస్త నల్లబారి ఉంది. ఆ పైన కొత్త ఇటుక, సున్నం. అడగనా వద్దా అనుకుంటుండగానే మా అమ్మాయి ఆ గోడ చూపించి, తనకొచ్చిన వార్డు రష్యన్‌లో "ఎప్పటినుంచి?" అంది. ఆవిడ గోడ వైపు చూడలేదు. "పాత సంగతి" అని, రొట్టె తుంచి మా ఇద్దరి ముందూ పెట్టింది.

తరువాత ఆవిడే కొడుకు కబుర్లు చెప్పింది. మాస్కోలో సరుకులు మోసే పని. 2024 మార్చిలో అక్కడ క్రోకస్ అనే కచేరీ హాల్ మీద దాడి జరిగింది కదా, పట్టుబడ్డవాళ్ళు తజిక్‌లు. అప్పట్నుంచి మధ్య ఆసియా మొహం కనిపిస్తే చాలు మెట్రోలో ఆపి కాగితాలడుగుతున్నారట. ఉజ్బెక్కా, కిర్గిజ్జా, తజిక్కా అని వాళ్ళకి తేడా లేదు, ముగ్గురికీ కలిపి ఒకే బూతు. కొడుకు ఒక్కడే ఉంటున్నాడా అని అడిగాం. లేదంది. వెనక వీధి కిర్గిజ్‌ల అబ్బాయి, చిన్నప్పుడు ఒకే బడి, ఇద్దరూ ఒకే గదిలో ఉంటున్నారట. ఓనరు రష్యనామె. ఎవరైనా వచ్చి అడిగితే మా ఇంట్లో ఎవరూ లేరని చెబుతుందట.

అద్దె చెరి సగం.